స్పెల్ట్, ఖప్లీ, ఫారో: మూడూ ఒకటే గోధుమా?

శైలు_హైదరాబాద్:
ఆన్‌లైన్‌లో గోధుమపిండి చూస్తుంటే ప్యాకెట్ మీద పెద్దగా ‘స్పెల్ట్’ అని, వెనక చిన్న అక్షరాల్లో ‘ఖప్లీ’ అని ఉంది. ఇంకో దాని మీద ‘ఫారో’ అని ఉంది. మూడూ ఒకటేనా? మా అత్తయ్యగారికి షుగర్. ఇది తింటే గోధుమ మానక్కర్లేదని ఎవరో చెప్పారట. ధర చూస్తే మాత్రం టెన్షన్ వస్తోంది.

గింజలపిచ్చి:
కాదండీ. ఖప్లీ అంటే ఎమ్మర్ గోధుమ. సాంగ్లి, సతారా, బెళగావి వైపు చాలాకాలంగా పండిస్తున్నారు. కర్ణాటకలో జవె గోధి అంటారు, దాంతో హుగ్గి పాయసం చేస్తారు. దానికి 28 క్రోమోజోములు. స్పెల్ట్‌కు 42, అంటే మనం రోజూ చపాతీ చేసుకునే గోధుమకు ఉన్నన్ని. ఆ లెక్కన స్పెల్ట్ మన మామూలు గోధుమకే దగ్గరి చుట్టం.

రెంటినీ కలిపేయడానికి కారణం పొట్టు. మామూలు గోధుమ నూర్చగానే గింజ విడిపోతుంది. వీటికి వడ్లలాగా పొట్టు పట్టుకునే ఉంటుంది, విడిగా మర పట్టాలి. ధర పెరగడానికి అదీ ఒక కారణం. అమెరికాలోనూ వందేళ్ల కిందట ఎమ్మర్ విత్తనాలను ‘స్పెల్ట్‌జ్’ పేరుతో అమ్మారు. ఇక ఫారో అనేది ఇటలీ మాట. ఐన్‌కార్న్ (ఇంకో పాతకాలపు గోధుమ), ఎమ్మర్, స్పెల్ట్ మూడింటికీ చిన్న, నడిమి, పెద్ద ఫారో అని పేర్లున్నాయి. అక్కడ ఉత్త ఫారో అంటే ఎక్కువగా ఎమ్మరే.

స్టుట్‌గార్ట్_శ్రీను:
స్పెల్ట్ సొంతూరు లాంటి చోట ఉంటున్నాను కాబట్టి నేనూ రెండు ముక్కలు. ఇక్కడ జర్మనీలో దీన్ని డింకెల్ అంటారు. ఏ బేకరీలో చూసినా డింకెల్ బ్రెడ్ ఉంటుంది. పైన ఉప్పు, షాజీరా లాంటి గింజలు చల్లిన ‘జేలే’ అనే పొడవాటి రొట్టె ఈ స్వాబియా ప్రాంతానిది, నాకు మహా ఇష్టం. పొట్టుతో ఉన్నదాన్ని ఫేజెన్ అని, పొట్టు తీసిందాన్ని కెర్నెన్ అని పాత రైతులు వేర్వేరు పేర్లతో పిలిచేవారు, మనకు వడ్లు, బియ్యం ఉన్నట్టే. బవేరియాలో డింకెల్స్‌బ్యూల్ అనే ఊరి చిహ్నం మీద మూడు డింకెల్ కంకులు ఉంటాయి.

గ్రూన్‌కెర్న్ దొరికితే వదలొద్దు. స్పెల్ట్‌ను పాలు ఆరని పచ్చి దశలోనే కోసి, వేడి మీద ఆరబెడతారు. వానలకు పంట పాడవకుండా ముందే కోయడంతో ఇది మొదలైందంటారు. పొగవాసనతో సూప్ అద్భుతంగా ఉంటుంది.

చరిత్ర_బాబాయ్:
‘ఈజిప్టు ఫారో రాజుల కాలం నాటి స్పెల్ట్’ అని రాస్తే నమ్మకండి. పాత ఈజిప్టులో పండించింది ఎమ్మర్. బైబిల్‌లోని హీబ్రూ మాట ‘కుస్సెమెత్’ను కొన్ని ఇంగ్లీషు అనువాదాలు స్పెల్ట్ అనడంతో ఈ గందరగోళం ఇంకా పెరిగింది. స్పెల్ట్ బాగా పాతుకుపోయింది మధ్య యూరప్‌లో, కంచు యుగం నుంచి. క్రీ.శ. 301లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ వేయించిన ధరల శాసనంలో ‘స్పెల్టా’ కనిపిస్తుంది. 12వ శతాబ్దంలో బింగెన్‌కు చెందిన హిల్డెగార్డ్ అనే సన్యాసిని దీన్ని తెగ మెచ్చుకుంది. ఇప్పటి ఆరోగ్య ప్రచారమంతా ఆవిడ పేరు చెప్పుకొనే నడుస్తోంది.

గింజలపిచ్చి:
బాబాయ్ గారి మాటకు ఒకటి కలుపుతా. ‘ఇది గోధుమకు అమ్మమ్మ’ అనే ప్రచారం కూడా తిరగబడింది. ఎమ్మర్ జాతి గోధుమ, కాస్పియన్ వైపు ఒక అడవి గడ్డి కలిసి 42 క్రోమోజోముల గోధుమ పుట్టింది. యూరప్ స్పెల్ట్ ఆ గోధుమ మళ్లీ ఎమ్మర్‌తో కలవడం వల్ల వచ్చిందని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. అంటే అమ్మమ్మ కాదు, మనవరాలు!

డాలస్_వంటిల్లు:
చపాతీల సంగతి నేను చెప్తా. స్పెల్ట్‌లోని గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే ప్రొటీన్) సాగుతుంది కానీ బలం తక్కువ. మామూలు పిండికి పోసినన్ని నీళ్లు పోస్తే చేతికి అంటుకుపోతుంది. కాస్త తగ్గించి పోసి, ఎక్కువ పిసక్కుండా పావుగంట నాననివ్వండి. పుల్కా బాగానే పొంగుతుంది. పరోటాకి మాత్రం పొరలు చిరిగిపోతాయి, ఆశ పెట్టుకోకండి.

లావణ్య_ఆర్ఎన్:
సీలియాక్ (గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. స్పెల్ట్, ఖప్లీ రెంటిలోనూ గ్లూటెన్ ఉంది. అమెరికాలో స్పెల్ట్ ఉన్న ప్యాకెట్ మీద ‘గోధుమ’ అని అలర్జీ హెచ్చరిక వేయాల్సిందే. శైలు గారూ, షుగర్ విషయంలోనూ దీన్ని గోధుమ కిందే లెక్కేయండి, రెండు చపాతీలు తినేచోట నాలుగు తినడానికి లైసెన్స్ కాదు. జర్మనీలో ‘630’ అని అమ్మే డింకెల్ పిండి తెల్లగా, తవుడు తీసేసి ఉంటుంది. కొంటే ముడిపిండే కొనండి.

శైలు_హైదరాబాద్:
థాంక్సండీ అందరికీ. ప్యాకెట్ వెనక ఖప్లీ అని ఉంది కాబట్టి అది ఎమ్మరే అన్నమాట. ఆ డబ్బుతో ఖప్లీ గింజలే నేరుగా తెప్పించి మర ఆడించుకుంటా. శ్రీను గారూ, ఆ గ్రూన్‌కెర్న్ ఇండియాకి వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్ పట్టుకురాగలరా?

స్టుట్‌గార్ట్_శ్రీను:
సంక్రాంతికి వస్తున్నా. బదులుగా గోంగూర పచ్చడి కావాలి.