రెండిటి మీద 54 అనే ఉన్నది, ఏది కొనాలె?

మిర్యాలగూడ, ఇప్పుడు డాలస్:
అన్నలకు, అక్కలకు నమస్తే. ఈ మధ్యనే ఇక్కడికొచ్చిన. సెకండ్ హ్యాండ్‌ల రెండు రోడ్ బైకులు చూసిన, స్పెషలైజ్డ్ టార్మాక్ ఎస్ఎల్7, ట్రెక్ డొమానే. రెండూ 54 సైజే. నా ఎత్తు 173 సెంటీమీటర్లు. ఇంటికాడ 22 ఇంచుల సైకిల్ తొక్కినోణ్ణి, ఈ లెక్కలు సమజైతలేవు. సైజు ఒకటే అయితే కూర్చునేది గూడ ఒకటే తీరు కదా?

దేవరకొండ, ఇప్పుడు ఆస్టిన్:
కాదు తమ్మీ. 54 అనేది ఏ కంపెనీకి ఆ కంపెనీ పెట్టుకున్న పేరు. నువ్వు చూడాల్సింది స్టాక్, రీచ్. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే జాగ) నడిమి నుంచి హెడ్ ట్యూబ్ (ఫ్రేమ్ ముందు, హ్యాండిల్ కింద ఉండే గొట్టం) పైకొస దాక నిలువు ఎత్తు స్టాక్, అడ్డంగ దూరం రీచ్. టార్మాక్ 54కు స్టాక్ 544, రీచ్ 384 మిల్లీమీటర్లు. డొమానే 54కు 575, 374. అంటే డొమానే ముందుభాగం 31 ఎత్తుల, 10 దగ్గర.

అట్లని రీచ్ ఒక్కదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతవ్. హెడ్ ట్యూబ్ వాలుగ ఉంటది గాబట్టి స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టుకునే ముక్క) కింద స్పేసర్ (రింగు) వేస్తే హ్యాండిల్ పైకే గాదు, వెనక్కి గూడ జరుగుతది. 73 డిగ్రీల వాలుకు 10 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే సుమారు 9.5 పైకి, 3 వెనక్కి. టార్మాక్‌కు 30 వేసి చూడు: 573, 375. ఇంచుమించు డొమానే కాడికే వచ్చింది. కానీ అప్పటికే స్పేసర్లు ఎక్కువైపోతయ్, ఇంకా లేపాలంటే జాగ ఉండది. కార్బన్ స్టీరర్‌కు (ముందు చక్రాన్ని పట్టే ఫోర్క్ నుంచి హెడ్ ట్యూబ్‌ల పైకొచ్చే గొట్టం) స్పేసర్లు ఎంత దాక వేయొచ్చో ఆ బైక్ మాన్యువల్‌ల చూసుకోవాలె.

పాత బైక్ కాబట్టి ముందు ఇది చూడు: ఇప్పుడు స్టెమ్ కింద ఎన్ని స్పేసర్లు ఉన్నయి, పైన ఎన్ని ఉన్నయి? పైన ఏం లేకపోతే స్టీరర్ కోసేసినట్టే. కోసినదాన్ని పెంచలేం, ఫోర్క్ మార్చాల్సిందే.

మహబూబ్‌నగర్, ఇప్పుడు న్యూజెర్సీ:
తమ్మీ, సీటు లెక్క గూడ కావాలె. చెప్పుల్లేకుండ గోడకు ఆనుకొని నిలబడు, అట్టపుస్తకం కాళ్ల మధ్య గట్టిగ పైకి ఆనించి, దాని పైఅంచు నుంచి నేల దాక కొలువు. దాన్ని 0.883తో గుణిస్తే బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి సీటు పై దాక ఎత్తు వస్తది. అది మొదలుపెట్టనీకే, మోకాలి ముందు నొప్పొస్తే కొంచెం లేపు, తుంటి అటూఇటూ ఊగుతుంటే దించు.

సీట్ ట్యూబ్ (సీటు కింది గొట్టం) వాలు గూడ చూడాలె. ఒక్క డిగ్రీ నిటారైతే 70 సెంటీమీటర్ల ఎత్తుల సీటు 12 మిల్లీమీటర్ల దాక ముందుకొస్తది. టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పైన అడ్డ గొట్టం) పొడుగు పట్టుకొని రెండు బైకులను పోల్చేటోళ్లు తప్పేది ఇక్కడనే.

ఇంకోటి, ఇది సైజు సంగతి గాదు గానీ పానం సంగతి. మన దిక్కు కుడిచెయ్యి ముందు బ్రేకు, అమెరికాల ఎడమచెయ్యి ముందు బ్రేకు. ఎక్కేముందు చక్రం లేపి, ఏ లివర్ దేన్ని పడుతుందో చూసుకో.

మిర్యాలగూడ, ఇప్పుడు డాలస్:
కొలిస్తే 80 సెంటీమీటర్లు వచ్చింది అక్కా, అంటే సీటు 70.6. టార్మాక్‌కు స్టెమ్ కింద 10 మిల్లీమీటర్ల స్పేసర్లు మాత్రమే ఉన్నయి, పైన ఏం లేవు. రేసులు ఆడేది లేదు. సెలవులకు ఇంటికి తీసుకపోయి మన్ననూరు ఘాట్ల తొక్కాలని ఉన్నది.

దేవరకొండ, ఇప్పుడు ఆస్టిన్:
అయితే టార్మాక్ ముందుభాగం 554 కాడ ఆగిపోయింది, డొమానే కన్న 21 కిందికి. పైకి లేచే కోణం స్టెమ్ వేరేది కొనొచ్చు, కానీ బ్రేకు పైపులు స్టెమ్ కిందుగ పోతయ్ గాబట్టి పాతదాన్ని తిరగేసినంత అల్కగ గాదు. పట్టే టైర్ వెడల్పు గూడ టార్మాక్‌కు 32 దాక, డొమానేకు 38 దాక. కంకర తేలిన రోడ్ల మీద ఆ 6 మిల్లీమీటర్లు మస్తు పనికొస్తయ్. నేనైతే డొమానేనే తీసుకో అంట.

తీసుకునే ముందు సీటు 70.6కు పెట్టించి, హుడ్స్ (బ్రేకు లివర్ల పైభాగం) మీద చేతులేసి పావుగంట తొక్కు. మోచేతులు బిగుసుకపోతే స్టెమ్ 10 మిల్లీమీటర్లు పొట్టిది అడుగు. 80 మిల్లీమీటర్ల కన్న పొట్టిది మాత్రం వేయించకు, హ్యాండిల్ మరీ చురుకైతది. బోల్ట్‌లు స్టెమ్ మీద రాసిన టార్క్‌కే (బిగింపు లెక్క) బిగించాలె, కార్బన్‌కు అంతకు మించితే పగులుతది.