బొమ్మ నేర్చుకునేవాడికి ముందు గీతా, నీడా?

నాపరాయి (కర్నూలు)
డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షకు కూర్చునే పిల్లలకు మన ఊళ్ళలో చెప్పే వరస ఒకటే. ముందు నీటుగా ఔట్‌లైన్, అది కుదిరాక లోపల షేడింగ్. దీనికి ఎదురు వరస ఇంకోటి ఉంది: ఎదురుగా ఉన్న వస్తువును కళ్ళు చికిలించి చూడు, వెలుగు ఎంతమేర, నీడ ఎంతమేర అని రెండు ముక్కలు చెయ్యి, ఆ ముక్కల ఆకారాలు సరిగ్గా పెట్టు, అంచుల సంగతి ఆఖర్న చూసుకో అని. ఆర్నెల్లు టైమున్న కొత్తవాడికి ఏది ముందు చెప్పాలి? ఫోటో మీద గళ్ళు కొట్టి గీసే పద్ధతి గురించి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి. "రెండూ మంచివే" అనే జవాబు మాత్రం వద్దు.

గీతే దిక్కు (అనంతపురం)
గీతే. ఇందులో తర్జనభర్జన ఏముందప్పా? లేపాక్షి మంటపం పైకప్పు తలెత్తి చూడండి. 16వ శతాబ్దపు బొమ్మలు. మనుషులు, చీరల డిజైన్లు, నగలు అన్నీ ముదురు గీతతో కట్టి, లోపల రంగు చదునుగా నింపినారు. ఒక్క మనిషి నీడా నేల మీద పడదు. ఐదొందల ఏండ్లు నిలబడిన బొమ్మకు లేని నీడ, ఆర్నెల్ల పిల్లోనికి ఎందుకు?

చెయ్యి కుదరనోడు నీడ పూస్తే అది మరకే అయితాది. మొదటి నెల రోజుకు 20 నిమిషాలు గీతలే గీయల్ల. పాత పేపర్ల మీదైనా సరే, అడుగు దూరంలో రెండు చుక్కలు పెట్టి ఒక్క ఊపులో కలపల్ల. మణికట్టు తిప్పితే గీత విల్లు మాదిరి వంగుతాది, భుజం నుంచి లాగల్ల. తర్వాత గిన్నె మూతి మాదిరి కోలగుండ్రాలు. అందరూ చేసే తప్పు రెండు కొసల్లో మూల తేల్చడం. కోలగుండ్రానికి మూల ఉండదు. ఎంత సన్నదైనా కొసలో గుండ్రంగా తిరగాల్సిందే. ఇంకోటి, పైనుంచి చూసేటప్పుడు కుండ మూతి కంటే అడుగు కోలగుండ్రం ఎక్కువ విప్పారి కనపడతాది. అడుగును సాపు గీతగా గీసినోనికి ఎన్ని నీడలు పూసినా కుండ నేల మీద కూర్చోదు.

బొగ్గుముక్క (కడప)
అన్నా, కోలగుండ్రాల మాట నూటికి నూరుపాళ్ళు నిజం. లేపాక్షి ఉదాహరణే కుదర్లేదు. ఆ చిత్రకారుడు ఎదుట మనిషిని నిలబెట్టి గీయలేదు. మనిషి ఎట్లుంటాడో ఒక కట్టుబాటు చేతికి ఎక్కించుకుని గీశాడు. ఇక్కడి ప్రశ్న కట్టుబాటు నేర్చుకోవడం గురించి కాదు, చూడటం నేర్చుకోవడం గురించి. కొత్తవాడు ఔట్‌లైన్‌తో మొదలుపెడితే కుండను చూడడు, "కుండ" అనే మాటను గీస్తాడు. రెండు వైపులా సమానంగా, మూతి గుండ్రంగా, తనకు తెలిసిన కుండ. నీడ ముక్కకు పేరు లేదు కాబట్టి దాన్ని చూసి తీరాల్సిందే.

చేయాల్సింది ఇదీ. సున్నం కొట్టిన చిన్న మట్టికుండ, పాతిక సెంటీమీటర్ల ఎత్తుది చాలు. స్టీలు చెంబు మొదట్లో వద్దు, గది మొత్తం దాంట్లో కనపడి వెలుగేదో నీడేదో తేలదు. కిటికీ ఒకటే తెరిచి, కుండకు ఎడమ పక్క నుంచి వెలుగు పడేట్టు పెట్టి, మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో కూర్చోవాలి. మరీ దగ్గర కూర్చుంటే తల కాస్త కదిలినా మూతి కోలగుండ్రం మారిపోతుంది.

మొదటి ఐదు నిమిషాలు: పైకొస, కిందికొస, ఎడమ, కుడి కొసలకు గుర్తులు పెట్టి, వాటిని కలుపుతూ ఐదారు నిలువు, ఏటవాలు గీతలతో కుండ చుట్టూ ఒక బెత్తం బుట్ట లాంటిది కట్టాలి. వంపు గీతలు ఇప్పుడు వద్దు. వంపు ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో కన్ను పసిగట్టలేదు, రెండు తిన్నని గీతల మధ్య కోణమైతే తప్పు ఇట్టే దొరుకుతుంది. ఎత్తు, వెడల్పు నిష్పత్తి పెన్సిలుతో కొలిచి సరిచూడాలి. చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి. మోచెయ్యి వంగితే లెక్క పోతుంది: 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాల్సిన పెన్సిలు 5 సెంటీమీటర్లు దగ్గరికొస్తే కొలత దాదాపు 8 శాతం తగ్గుతుంది. వెడల్పును చెయ్యి చాచి, ఎత్తును మోచెయ్యి వంచి కొలిచి "నా కుండ లావైంది" అని ఏడ్చేవాళ్ళే ఎక్కువ.

తర్వాతి పది నిమిషాలు: కళ్ళు చికిలించి, కుండ మీది నీడను, నేల మీద పడిన నీడను కలిపి ఒకే ఆకారంగా గీసి, 4బి పెన్సిలును పక్కకు వాల్చి ఒకే మోతాదులో నింపాలి. లోపల ముదురూ లేతా చేయకూడదు. ఈ దశలోనే దూరం నుంచి చూస్తే కుండ గుర్తుపట్టేట్టు ఉండాలి. లేకపోతే ఆకారం తప్పింది, షేడింగ్ దాన్ని కాపాడదు. ఆ తర్వాతే మూడో టోను (ముదురు-లేతల మోతాదు), ఉంటే నాలుగోది. ఒక్కటే సూత్రం: వెలుగులో ఉన్న ఏ ముక్కయినా నీడలో ఉన్న ఏ ముక్క కంటే లేతగానే ఉండాలి.

గీతే దిక్కు (అనంతపురం)
ఐదారు గీతలతో బుట్ట కట్టల్ల అంటివి కదా తమ్ముడూ. అది గీత కాదా?

బొగ్గుముక్క (కడప)
గీతే. అయితే అది తుడిచేసే గీత, కొలిచేందుకు వేసిన పురికొస. మేస్త్రీ గోడకు పురికొస కడతాడు, ఇంట్లో చేరాక దాన్ని గోడకు వదిలిపెట్టడు కదా.

పెన్నగట్టు (జమ్మలమడుగు)
బొగ్గుముక్క గారి పద్ధతితో పేచీ లేదు, ఆఖరి సూత్రంతోనే పేచీ. ఆ కుండను తీసుకెళ్ళి మన కడప బండ మీద పెట్టండి. ఐదు మెట్ల లెక్కలో, ఒకటి తెల్ల కాగితం, ఐదు పెన్సిలు ఇవ్వగల నలుపు అనుకుంటే, కుండ వెలుగు పక్క 1, కుండ నీడ పక్క 3 వస్తుంది. వెలుగు పడిన నల్లబండ 4. బండ మీద పడిన నీడ 5. అంటే నీడలోని సున్నం వెలుగులోని బండ కంటే లేత. మీ సూత్రం నమ్మి కుండ నీడను బండ కంటే ముదురు చేసినవాడికి తెల్లకుండ కాస్తా బొగ్గుకుండ అవుతుంది. ఆ సూత్రం ఒకే రంగు వస్తువు వరకే. రంగు మారితే ఎవరి వెలుగునీడల లెక్క వాళ్ళదే.

రెండు నీడల్నీ కలిపి ఒకే ముక్క చేయమన్నారు, అదీ బండ మీద చెల్లదు. 3, 5 ఎట్లా కలుస్తాయి? పైగా పాలిష్ బండలో కుండ తలకిందులుగా కనపడి, కొత్తవాడు దాన్ని కూడా నీడే అనుకుంటాడు. కుండ కింద తెల్ల పంచె పరిస్తే రెండు నీడలూ దగ్గరపడి మీరు చెప్పినట్టే కలుస్తాయి. మొదటి నెల పంచె, రెండో నెల బండ.

చికిలించడం గురించి కూడా ఒక మాట. కొందరు కళ్ళజోడు తీసేస్తే సరిపోతుంది అంటారు. సరిపోదు. జోడు తీస్తే మసక వస్తుంది, గట్టి అంచూ మెత్తని అంచూ ఒకేలా అలుక్కుపోతాయి. చికిలిస్తే కంట్లోకి పోయే వెలుగే తగ్గి, నీడలోని చిల్లర తేడాలు ముందు మాయమవుతాయి. టోన్లు కలపడానికి కావాల్సింది అదే. నీడలోకి కళ్ళు పెద్దవి చేసి తదేకంగా చూస్తే కన్ను ఆ చీకటికి అలవాటుపడి లోపల ఏవేవో వెలుగులు చూపిస్తుంది. అవన్నీ పెట్టినవాడి నీడ తూట్లు పడిన జల్లెడే.

టోన్లను ఇట్లా కొన్నిటికి కుదించడం అందం కోసం అనుకుంటారు కానీ గత్యంతరం లేకే. మన ఎండలో సున్నం గోడకూ, పక్కనే గుమ్మం లోపలి చీకటికీ మధ్య తేడా వందల రెట్లు ఉంటుంది. కాగితం తెలుపుకూ పెన్సిలు నలుపుకూ అందులో చిన్న వంతే. ఉన్నదంతా పట్టదు, ఏది వదలాలో మనమే తేల్చుకోవాలి.

బొగ్గుముక్క (కడప)
బండ సంగతి ఒప్పుకుంటున్నా. సూత్రం మరీ బిగించి చెప్పా.

గళ్ళకాగితం (ఆదోని)
గళ్ళ పద్ధతిని తిట్టేవాళ్ళకు: ఎనిమిదడుగుల గోడ మీద ముఖం ఎక్కించాలంటే గళ్ళు తప్పవు. అది పెద్దది చేసే పనిముట్టు. నేర్చుకునే పద్ధతి మాత్రం కాదు, అక్కడ నేనూ ఒప్పుకుంటా. సెంటీమీటరు గడిలో పడే గీతను మాత్రమే చూస్తూ పోయేవాడు కన్నూ ముక్కూ మధ్య దూరాన్ని ఎప్పుడూ అంచనా వేయడు, గడే వేసిపెడుతుంది. గళ్ళు తీసేసిన రోజు చేతిలో ఏమీ ఉండదు.

ఫోను ఫోటో వాడక తప్పనివాళ్ళు రెండు చూసుకోండి. మూరెడు దూరం నుంచి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయాలి. ఇప్పటి ఫోన్లు వాటంతట అవే నీడల్ని పైకి లేపుతాయి, అంచుల్ని పదును చేస్తాయి. అట్లా వెలుగునీడల్ని సర్దే హెచ్‌డీఆర్ అనే సెట్టింగు ఆపండి. ఆపినా ఫోటోలో అంచులన్నీ ఒకే పదునుగా ఉంటాయి, కంటికి అట్లా ఉండవు.

నాపరాయి (కర్నూలు)
అంచుల గురించి అందరూ ఒక్కో ముక్క అని వదిలేస్తున్నారు. ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెత్తగా ఉంచాలో తెలిసేదెట్లా?

పెన్నగట్టు (జమ్మలమడుగు)
ఊహతో పనిలేదు, దానికి లెక్కుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అరడిగ్రీ వెడల్పున్న బిళ్ళ. అందుకే నీడ అంచు, నీడ వేసిన వస్తువు నుంచి దూరం పోయేకొద్దీ మసకబారుతుంది. మీటరు దూరంలో ఆ మసక దాదాపు 9 మిల్లీమీటర్లు, మూడు మీటర్ల దగ్గర అంగుళం దాటుతుంది. కరెంటు స్తంభం నీడ మొదట్లో కత్తితో కోసినట్టు, కొసన ఆవిరిలా ఉండేది అందుకే. మొత్తం నీడకు ఒకే పదును ఇచ్చినవాడి స్తంభం నేల మీద పరిచిన తారుపట్టీలా కనపడుతుంది. ఇక వస్తువు మీదే వెలుగు నీడలోకి తిరిగే చోట అంచు వంపును బట్టి ఉంటుంది. మొనదేరిన రాతి మూల దగ్గర గట్టిగా, కుండ పొట్ట దగ్గర బాగా మెత్తగా. మూడో రకం కలిసిపోయిన అంచు: రెండు ముక్కల టోను ఒకటే అయితే మధ్యలో గీత ఉండకూడదు. గీతే దిక్కు గారి శిష్యులు అక్కడ కూడా గీత లాగుతారు.

లేపాక్షి నందినే తీసుకోండి. ఏకశిల, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. అంత రాతిని ఒక చూపులో పట్టాలంటే కనీసం యాభై, అరవై అడుగులు వెనక్కి పోవాలి. కొత్తవాళ్ళు దగ్గర కూర్చుని మెడలో గంటల పేరుతో మొదలుపెడతారు. సాయంత్రం ఏటవాలు ఎండలో చికిలించి చూడండి, మెడ కింద గంటలు సగం నీడలో కరిగిపోతాయి, వెలుగు తగిలిన నాలుగైదింటి అంచులే మిగులుతాయి. ఆ నాలుగూ గట్టిగా పెట్టి, తక్కినవి నీడకే వదిలేస్తే చూసేవాడు మొత్తం పేరును తనే పూర్తి చేసుకుంటాడు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి నీడ ఆకారాన్ని మొదటి పది నిమిషాల్లో గీసుకుని, మళ్ళీ దాన్ని ముట్టుకోకూడదు. నీడ జరిగిందని గంటంతా సవరిస్తూ కూర్చుంటే మధ్యాహ్నం వెలుగూ సాయంత్రం నీడా ఒకే నంది మీద కూర్చుంటాయి.

గీతే దిక్కు (అనంతపురం)
నంది మాట బాగుండాది. అయినా గంట అంచు గట్టిగా పెట్టల్లంటే చెయ్యి గీత మీద కుదిరుండల్ల కదా సామీ. రోజుకు 20 నిమిషాల గీతలు నేను వదలను, మిగతా అరగంట మీ కుండకు ఇస్తా. ఇంకోటి అందరూ మరిచినారు: వేలితో రుద్దొద్దని పిల్లలకు చెప్పండి. వేలి జిడ్డు కాగితానికి అంటి, ఆ చోట పెన్సిలు మచ్చలు మచ్చలుగా పడుతుంది, రబ్బరుకూ పోదు. అంచు మెత్తగా కావల్లంటే పెన్సిలు ఒత్తిడి తగ్గించి, గీతలు దూరం చేయల్ల.

నాపరాయి (కర్నూలు)
పగలు బడి, కిటికీ వెలుగు దొరకదు. ట్యూబ్‌లైటు కింద పెట్టొచ్చా?

బొగ్గుముక్క (కడప)
వద్దు. ట్యూబు నాలుగడుగుల పొడవు, దాని నీడ ఒక దిక్కున గట్టిగా, ఇంకో దిక్కున అలికినట్టుగా పడుతుంది. మిగతా లైట్లన్నీ ఆర్పి, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి కుండకు ఎడమ పక్కన, ఏటవాలుగా పైన, మీటరు దూరంలో కట్టండి. రెండో లైటు వెలిగిందంటే రెండు నీడలు పడతాయి, అదొకటి చూసుకోండి. కాగితానికి వేరే వెలుగు కావాలంటే చిన్న లైటు పెట్టి, కుండ వైపు అట్టముక్క అడ్డం పెట్టండి.