మోడరేటర్ లోపల పేరుకున్న సీసం ఎలా వదిలించాలి?

నాది .22 రైఫిల్. దాని మోడరేటర్ (కాల్పుల శబ్దం తగ్గించడానికి బారెల్ మూతికి బిగించే గొట్టం) అల్యూమినియంది, లోపలి బాఫిల్స్ (మధ్యలో రంధ్రం ఉండే అడ్డు బిళ్లలు) విడిగా బయటికి వస్తాయి. వాటి మీద సీసం, మసి కలిసి గట్టిగా పట్టేశాయి. వెనిగర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి నానబెట్టమని కొందరు చెబుతున్నారు. అందులో లెడ్ అసిటేట్ తయారవుతుంది, అది చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరే విషం. పైగా ఆ మిశ్రమం అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ పని మాత్రం చేయను.

అల్ట్రాసోనిక్ క్లీనర్ (ద్రావణంలో ధ్వని తరంగాలతో మురికి వదిలించే యంత్రం) వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అనోడైజింగ్ (అల్యూమినియం మీది రక్షణ పొర) పాడవకుండా ఏ ద్రావణం వేశారు, ఎంతసేపు ఉంచారు? గట్టిగా గీకితే బాఫిల్ రంధ్రాల అంచులు దెబ్బతింటాయని భయంగా ఉంది. కాల్చడం అయ్యాక ప్రతిసారీ మోడరేటర్ విప్పి ఆరబెడుతున్నాను, లేకపోతే లోపలి తేమకు బారెల్ మూతి తుప్పు పడుతుంది. మరలు పట్టేయకుండా ఏ గ్రీజు రాస్తున్నారో కూడా చెప్పండి.