‘నేచురల్ టర్న్’ను ‘సహజ మలుపు’ అనవచ్చా?

ప్రశ్న: వాల్ట్జ్ (జంటలుగా గిరగిరా తిరుగుతూ చేసే పాశ్చాత్య నృత్యం) పాఠాలను తెలుగు చేసేటప్పుడు నేచురల్ టర్న్‌ను ‘సహజ మలుపు’ అనీ, రివర్స్ టర్న్‌ను ‘వెనక మలుపు’ అనీ రాస్తున్నారు. ఇంతకన్నా మంచి మాటలున్నాయా?

వ్యాఖ్య: ఉన్నాయి. ‘వెనక మలుపు’ను ముందు కొట్టేయండి. అది చదివినవాడు వెనక్కి అడుగేస్తాడు. రివర్స్ టర్న్‌లో నడిపించే పురుషుడి మొదటి అడుగు ముందుకే, ఎడమకాలితో. నేచురల్ అంటే కుడివైపు తిరగడం, రివర్స్ అంటే ఎడమవైపు తిరగడం, అంతే. జర్మన్‌లో వీటిని సూటిగా రెష్ట్స్‌డ్రేహుంగ్, లింక్స్‌డ్రేహుంగ్ అంటారు: కుడి తిరుగుడు, ఎడమ తిరుగుడు. వాల్ట్జ్ అనే పేరే దొర్లడం, గిర్రున తిరగడం అనే జర్మన్ క్రియ నుంచి పుట్టింది. పైగా మలుపు దారికి ఉండేది. మనిషి చేసేది తిరుగుడు.

వ్యాఖ్య: కుడి, ఎడమ మరీ పొడిగా లేవూ? ‘ప్రదక్షిణ తిరుగుడు’ అంటే?

వ్యాఖ్య: వినసొంపుగానే ఉంది గానీ చిక్కు తెస్తుంది. హాలు చుట్టూ జంటలన్నీ సాగేది అప్రదక్షిణంగా. ఆ దారిలోనే జంట తన చుట్టూ తాను ప్రదక్షిణంగా తిరగాలి. రెండు మాటలూ ఒకే వాక్యంలో పడితే నేర్చుకునేవాడికి తల తిరుగుతుంది, కాళ్లు తిరగవు. ఆత్మప్రదక్షిణ అందామా అంటే అది ఒక్కరి పని. పాతమాటే కావాలంటే వలపట, దాపట ఉన్నాయి. కాడికి కట్టిన ఎడ్లలో ఏది కుడిదో ఏది ఎడమదో చెప్పే మాటలు అవి. అయితే ఇప్పుడు ఎంతమందికి తెలుస్తాయి? నా ఓటు ‘కుడి తిరుగుడు’కే.

వ్యాఖ్య: పేరు ఏదైనా సరే, కొలత రాయకపోతే ఉపయోగం లేదు. కుడి తిరుగుడులో ఆరు అడుగులు. పురుషుడు జంటలు సాగే దిశకు కుడిపక్కనున్న గోడ వైపు ఏటవాలుగా ముఖం పెట్టి నిలబడతాడు. 1: కుడికాలు ముందుకు. 2: ఎడమకాలు పక్కకు, ఈ రెంటి మధ్య 90 డిగ్రీలు. 3: కుడికాలు చేర్చడం, మరో 45. ఇప్పుడు వీపు సాగే దిశకు ఉంటుంది. 4: ఎడమకాలు వెనక్కి. 5: కుడికాలు పక్కకు, 135 డిగ్రీలూ ఇక్కడే. 6: ఎడమకాలు చేర్చడం. మొత్తం 270. ముఖం హాలు మధ్యకు ఏటవాలుగా వస్తుంది.

90, 45గా విడిపోయింది రెండో సగంలో ఒక్కసారే 135 ఎందుకయిందంటే, వెనక్కి వేసేవారు తిరుగుడుకు లోపలి వైపున ఉంటారు. వాళ్ల అడుగు పొట్టిది. పాదం ముందే తిరిగిపోతుంది, ఒళ్లు కాస్త వెనకబడి 6లో పూర్తవుతుంది. ముందుకు వేసేవారు బయటి వైపు, వాళ్లది పొడుగు అడుగు. మొదటి సగంలో వెనక్కి వేసేది స్త్రీ కాబట్టి ఆ 135 ఒక్కసారే తిరగడం అప్పుడు ఆమెకు వస్తుంది. లోపలివారు పెద్ద అడుగేస్తే బయటివారికి చోటు చాలదు, పట్టు విడిపోతుంది. 1వ అడుగులోనే పాదం తిప్పేసి జతవ్యక్తి పక్కనుంచి చుట్టబోవడం రెండో పెద్ద తప్పు. ఆ అడుగు నేరుగా ఎదుటివారి కాళ్ల మధ్యలోకి పోవాలి, ఒళ్లు మాత్రమే తిరగడం మొదలుపెట్టాలి.

వ్యాఖ్య: ‘చేర్చడం’ మీద నాకు పేచీ ఉంది. తెలుగులో కాలు చేర్చమంటే పక్కన ఆనిస్తారు, బరువు మార్చరు. అప్పుడు 4కు కుడికాలే మళ్లీ కదులుతుంది, అంతా తారుమారు. ‘బరువు మార్చి చేర్చు’ అని రాయాలి. మడమ దించేది 3 చివర, దాని మొదట్లో కాదు. 2, 3లలో మునివేళ్ల మీద లేచే ఉంటారు.

వ్యాఖ్య: ఒప్పుకుంటున్నా, అలాగే రాద్దాం. మరి స్పిన్ టర్న్ అనే ఇంకో తిరుగుడుకు ఏ మాట?

వ్యాఖ్య: ‘గిరికీ’ సరిపోతుంది. అందులో 1 నుంచి 3 వరకు కుడి తిరుగుడే. 4లో పురుషుడు ఎడమకాలు వెనక్కి వేసి దాని మీదే 180 డిగ్రీలు తిరుగుతాడు, కుడికాలు ముందు నిలిపి ఉంచుతాడు. ఆ తొడ ముందు నిలవకపోతే 5వ అడుగు ఎదుటివారి కాళ్ల మధ్యకు పోదు. మన నాట్య పరిభాషలోని ‘ఏకపాద భ్రమరి’ (ఒంటికాలి మీద తిరగడం) దీనికి దగ్గరే గానీ, అందులో జత లేదు. దీనిలో స్త్రీ కూడా అదే క్షణంలో కుడికాలు ముందుకు వేసి తిరగాలి.