‘బలపరిచిన బియ్యం’ అని రాస్తే నవ్వారు. ఫోర్టిఫై అనే మాటకి తెలుగులో ఏం రాయాలి?

చాక్‌పీస్ టీచర్:
ప్రైమరీ స్కూల్లో టీచర్‌ని. మధ్యాహ్న భోజనం బియ్యంలో అక్కడక్కడా కొన్ని గింజలు రంగు తేడాగా కనిపిస్తాయి. కడిగేటప్పుడు వాటిలో కొన్ని పైకి తేలతాయి. మా వంట చేసే ఆవిడ అవి ప్లాస్టిక్ బియ్యం అని చేత్తో తీసి పారబోస్తోంది. సంచి మీద ‘ఫోర్టిఫైడ్’ అని ఉంది. డిక్షనరీ తీస్తే ‘బలపరచు’ అని కనబడింది. ‘ఇవి బలపరిచిన బియ్యం, పారేయవద్దు’ అని స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాసి వంటగది తలుపుకి అంటించాను.

పొద్దున్నే ఆవిడ చదివి, “ఏ పార్టీ బలపరిచింది మేడమ్?” అంది. పంచాయతీ ఎన్నికలప్పుడు పేపర్లో ‘ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి’ అని చదువుతాం కదా, అదీ సంగతి. తోటి టీచర్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నవ్వు సరే. స్ట్రెంగ్తెన్, రీఇన్‌ఫోర్స్, ఫోర్టిఫై, మూడింటికీ డిక్షనరీ ‘బలపరచు’ అనే అంటోంది. డీఎడ్‌లో రీఇన్‌ఫోర్స్‌మెంట్‌ని ‘పునర్బలనం’ అని బట్టీ పట్టాను. అది బియ్యానికి పనికిరాదు. తేడా ఎవరైనా చెప్పండి.

పాత లెక్చరర్:
అమ్మా, స్ట్రెంగ్తెన్ అన్నిటికీ సరిపోయే మాట. ‘వాయుగుండం బలపడింది’ అన్నా అదే, ‘కరకట్టను బలపరిచారు’ అన్నా అదే. మిగతా రెండూ అలా కాదు. వాటంతట అవి జరగవు, ఎవరో ఒకరు పూనుకుని చెయ్యాలి.

రీఇన్‌ఫోర్స్ అంటే ఉన్నదానికి అదనపు దన్ను తగిలించడం. గొడవ జరిగిన చోటికి ‘అదనపు బలగాలు’ పంపారంటే, ఇంగ్లిష్ పేపర్లో అవే రీఇన్‌ఫోర్స్‌మెంట్స్.

ఫోర్టిఫైకి మూలం ‘ఫోర్టిస్’, లాటిన్‌లో బలమైనది అని. కోటని ఫోర్ట్ అనడమూ అందుకే. ఓరుగల్లు చూడండి. రాతికోట గోడ ఎత్తు రుద్రమదేవి పెంచిందంటారు. దానికి బయట మట్టికోట, కందకం. దాడి రాకముందే ఊరిని అలా సిద్ధం చేసుకోవడం ఫోర్టిఫై. మీ బియ్యం విషయంలో శత్రువు రక్తహీనత, అంతే తేడా. వాడకంలో ‘ఫలానాదాన్ని ఫలానాదానితో’ అని వస్తుంది: ఉప్పుని అయోడిన్‌తో, పాలని విటమిన్ డితో. మీ సంచి మీద మాటలో ఆ ‘దేనితో’ అన్నది మింగేశారు. తెలుగులో అది చెప్పకపోతే వాక్యం నిలబడదు.

సైట్ సూపర్‌వైజర్:
రీఇన్‌ఫోర్స్ మా రోజువారీ మాట. ఆర్‌సీసీ అంటే రీఇన్‌ఫోర్స్‌డ్ సిమెంట్ కాంక్రీట్, అందులో ఆర్ అదే. కాంక్రీటు నొక్కితే తట్టుకుంటుంది, లాగితే పగిలిపోతుంది. ఆ లాగుడు తట్టుకోవడానికే లోపల ఊచలు. ఎక్కడ లాగుతుందో అక్కడే పడాలి. గదుల మీది మామూలు శ్లాబుకి మధ్యలో అడుగున, సన్‌షేడ్‌కి మాత్రం పైన. ఒకసారి మావాళ్లు సన్‌షేడ్‌కి కూడా అడుగునే పరిచారు. నేను చూసేసరికి మాల్ కలుపుతున్నారు, ఆపి మొత్తం విప్పించా. ఇనుము తగ్గలేదు, చోటు తప్పింది. వదిలేసుంటే సెంట్రింగ్ తీసిన రోజే కూలేది.

టీచర్ గారూ, మీ చార్టులోనూ అదే జరిగింది. మాట మంచిదే, చోటే తప్పు.

రేషన్ డీలర్:
మా షాపులో రోజూ ఇదే పంచాయితీ. ఆ గింజలు ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మిషన్‌లో మళ్లీ గింజ ఆకారంలో తీస్తారు. క్వింటాలు బియ్యానికి సుమారు కిలో కలుస్తాయి. పిండితో చేసినవి కాబట్టి కొన్ని తేలతాయి. సంచి మీద ప్లస్ గుర్తు, పక్కన ఎఫ్ అక్షరం ఉందేమో చూడండి. ఆవిడ తీసి పారేసేది సరిగ్గా ఆ ఐరన్‌నే. నేనైతే ‘బలవర్ధక’ లాంటి మాటలు మానేశా, నోరు తిరగదు, ఎవరికీ ఎక్కదు.

చాక్‌పీస్ టీచర్:
అందరికీ థాంక్స్. ‘మందు కలిపిన బియ్యం అని రాద్దాం’ అని ఆవిడే సలహా ఇచ్చింది. మందంటే మా ఊళ్లో పురుగులమందు కూడా, సాయంత్రానికి తల్లిదండ్రులు గేటు దగ్గరుంటారు, వద్దన్నాను. చివరికి ‘ఐరన్, విటమిన్లు కలిపిన బియ్యం. తేలిన గింజలు పారేయొద్దు’ అని రాశాను. లెక్చరర్ గారు చెప్పిన ‘దేనితో’ వచ్చేసింది, ‘బలం’ పోయింది.

ఆవిడ చదివి, “ఇదేదో మొదటే రాయొచ్చుగా మేడమ్” అంది. ఇవాళ కడుగుతుంటే పక్కనే నిలబడి చూశాను. గింజలు తేలగానే చెయ్యి అలవాటుగా అటే వెళ్లింది. నన్ను చూసి మళ్లీ నీళ్లలోకి తోసింది.