బహిరంగ ప్రదేశాల్లో కుర్రకారు దురుసుతనం: సిగ్గు లేకనా, సిగ్గు ఎక్కువయ్యా?

నిక్కచ్చి: రైల్లో ఒక కుర్రవాడు ఫోనులో వీడియోలు గట్టిగా పెట్టుకుని కూర్చున్నాడు. ఎదుటి సీటులో పసిబిడ్డను నిద్రపుచ్చుతున్న తల్లి రెండుసార్లు అతనివైపు చూసింది. అతను తలెత్తలేదు. అందరూ వినేలా మందలించాను. శబ్దం ఇంకా పెంచాడు! ఈ తరానికి సిగ్గు లేకుండా పోయింది. జపాన్ రైళ్లలో ఫోను మాట్లాడటమే తప్పుగా చూస్తారు. నలుగురూ ఏమనుకుంటారో అనే జంకు అక్కడ చిన్ననాడే అబ్బుతుంది. పిల్లలకు నేర్పవలసింది అదే.

చదువరి: జపాన్‌ది నలుగురికీ జంకే సిగ్గు సంస్కృతి, పాశ్చాత్యులది తన మనసే తప్పుపట్టే అపరాధభావ సంస్కృతి అనే విభజనకు ప్రచారం తెచ్చింది 1946లో అమెరికా మానవశాస్త్రవేత్త రూత్ బెనెడిక్ట్ రాసిన పుస్తకం. యుద్ధకాలపు అధ్యయనం అది, ఆమె జపాన్‌లో అడుగైనా పెట్టలేదు. ప్రయాణంలో పడ్డ సిగ్గును అక్కడే వదిలేయవచ్చని జపాన్‌లోనే ఒక సామెత ఉంది. తెలిసినవారి ముందు ఒద్దిక, ముక్కూముఖం తెలియనివారి ముందు తెగింపు. రైల్లో అలంకరించుకునే అమ్మాయిలను తప్పుపడుతూ టోక్యూ రైల్వే సంస్థ 2016లో ప్రకటన వేస్తే అక్కడా పెద్ద దుమారం రేగింది. సిగ్గు చూసేవారిని బట్టి ఉంటుందండీ.

నిక్కచ్చి: ఆ రచయిత్రి జపాన్ వెళ్లిందా లేదా అన్నది నాకెందుకు? రైలు నిశ్శబ్దంగా ఉందా లేదా? సింగపూర్ సంగతి చెప్పండి. చెత్త పారేసి పట్టుబడినవారిలో కొందరికి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు చొక్కా తొడిగి, పదిమందిలో చెత్త ఏరించే శిక్ష 1992 నుంచి ఉంది. ఊరు శుభ్రంగా లేదా?

చదువరి: వేల సంఖ్యలో పారిశుద్ధ్య కార్మికులు రోజూ ఊడుస్తున్నారు కాబట్టి శుభ్రంగా ఉంది.

బాటసారి: ఇయర్‌ఫోన్లు పెట్టుకోమని నెమ్మదిగా చెబితే చాలామంది వింటారు.

మల్లెతీగ: నిక్కచ్చి గారూ, ఆ అబ్బాయి శబ్దం పెంచింది సిగ్గు లేక కాదు. మీరు అందరి ముందూ అరిచారు, తగ్గిస్తే ఓడిపోయినట్టే. మనస్తత్వ శాస్త్రవేత్త జూన్ టాంగ్నీ పరిశోధనలు చెప్పేది ఇదే: సిగ్గుతో ‘నేను చెడ్డవాణ్ణి’ అనిపించినవాడు దాక్కుంటాడు, లేదా కోపంతో ఎదుటివారిపై నెపం వేస్తాడు. అపరాధభావంతో ‘నేను చేసిన పని చెడ్డది’ అనిపించినవాడు దిద్దుకోవాలని చూస్తాడు. ఎనిమిదో తరగతిలో పక్కపిల్లతో మాట్లాడానని మా టీచరు నన్ను ప్రార్థన సమయంలో బడి మొత్తానికీ ఎదురుగా నిలబెట్టింది. మాటలు మానలేదు నేను. ఆమె పాఠం వినడం మానేశాను, అదీ పంతం పట్టి.

నిక్కచ్చి: బెంచీ ఎక్కించని టీచరు ఉండేవారా ఆ రోజుల్లో? అందరూ మీలాగే తయారయ్యారా?

మల్లెతీగ: నాలాగే అంటే? ఆ ముక్క వివరంగా చెప్పండి.

నిక్కచ్చి: ఏమన్నా తప్పే! పెద్దవారు నోరు మూసుకుని కూర్చోవాలన్నమాట. బతుకంతా పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి. ఇవాళ ఇంట్లో నా మాట ఎవరికీ పట్టదు, రైల్లోనూ పట్టదు. ఇంకెక్కడ చెప్పాలి?

మల్లెతీగ: అలా చెప్పండి! ఇంతకీ మీకు కావలసింది శబ్దం తగ్గడమా, ఆ అబ్బాయి మీ ముందు తల దించుకోవడమా?

నిక్కచ్చి: రెండూ కావాలి. పెద్దవారి మాటకు తల దించితే తప్పేమిటి?

చదువరి: జాన్ బ్రెయిత్‌వెయిట్ అనే నేరశాస్త్రవేత్త 1989లో ఒక తేడా చూపారు. తప్పును ఖండిస్తూనే మనిషిని తిరిగి కలుపుకునే మందలింపు మనిషిని మారుస్తుంది, వెలివేసే మందలింపు మొండివాణ్ణి చేస్తుంది. రైలు పెట్టెలో కలుపుకోవడానికి ముందున్న బంధం ఏదీ? దిగిపోతే ఎవరికి ఎవరు?

పందొమ్మిదేళ్లు: నాదీ ఆ కుర్రవాడి వయసే. పక్కకు వచ్చి చెబితే వింటాం. ఇప్పుడు మందలించేవారు ముందు ఫోను తీసి మమ్మల్ని చిత్రీకరిస్తున్నారు. ఆ వీడియో ఏళ్ల తరబడి తిరుగుతుంది, ఉద్యోగం ఇచ్చేవారూ చూస్తారు. సిగ్గు సిగ్గు అని ఇంత వాదించారు, దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

నిక్కచ్చి: నేను వీడియో తీయలేదు.