‘వస్తానని చెప్పాడు’లోని ‘అని’ ఇంగ్లీషులో ఏమవుతుంది?

మేనమామ:
మా మేనకోడలు హైస్కూలు ఇంగ్లీషు పరీక్షకి చదువుతోంది. వ్యాసాలు, ఉత్తరాలు బాగానే రాస్తుంది. డైరెక్ట్ స్పీచ్‌ని ఇండైరెక్ట్‌లోకి మార్చమంటేనే తడబడుతుంది. నిన్న ఇలా రాసింది: “హీ సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో.” ఇది తప్పమ్మా, ‘ఐ’ అంటే నువ్వు అయిపోతావు అన్నాను. “తెలుగులో ‘రేపు వస్తానని చెప్పాడు’ అనేగా అంటాం మామయ్యా, అందులో ‘వస్తాను’ అనే ఉందిగా” అంది. నిజమే మరి. ‘వస్తాడని చెప్పాడు’ అంటే ఇంకెవరో వస్తారన్న అర్థం వస్తుంది. ఇంతకీ మన ‘అని’ డైరెక్టా, ఇండైరెక్టా? పట్టికలు బట్టీ పట్టించడం తప్ప వేరే దారి ఉంటే చెప్పండి.

తెలుగు మాస్టారు:
మేనమామ గారూ, పిల్ల అడిగినదాంట్లో పస ఉంది. తెలుగు వాచకంలోనే ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అనే పాఠం ఉంటుంది. ముందు అది తీయించండి.

“నేను రాను” అని రవి అన్నాడు. ఇది ప్రత్యక్షం. తాను రానని రవి అన్నాడు. ఇది పరోక్షం. రెండూ ఒకదాని కింద ఒకటి రాయించి, ఏం మారిందో తననే చెప్పమనండి. కొటేషన్ గుర్తులు పోయాయి. ‘నేను’ పోయి ‘తాను’ వచ్చింది. ‘రాను’ మాత్రం కదల్లేదు. అది ‘నేను’కి తగిన క్రియ, ఉత్తమ పురుష. మామూలు వాక్యంలో ‘తాను రాను’ అని ఎవరూ అనరు, ‘తాను రాడు’ అనే అంటారు. ‘అని’ ముందు మాత్రమే ఈ వెసులుబాటు: కర్త మారిపోతుంది, క్రియ పాత మనిషినే అంటిపెట్టుకుని ఉంటుంది. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు, మన పరోక్ష కథనం సగమే పరోక్షం. కాలం కూడా మారదు చూడండి. చెప్పింది నిన్నయినా, పదేళ్ల కిందటైనా ‘వస్తానని’ అనే అంటాం.

ఇంగ్లీషుకి ఆ సగం బేరం పనికిరాదు. కర్త, క్రియ, కాలం, రోజు, చోటు అన్నీ ఇప్పుడు కబురు చెప్తున్న మనిషి వైపు తిరగాలి. “హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్ ది నెక్స్ట్ డే.” మీ మేనకోడలు రాసిన వాక్యం తెలుగు వ్యాకరణం ప్రకారం నిక్కచ్చిగా ఉంది, అందుకే అది తప్పని తనకి అనిపించలేదు. ‘ఎన్నిసార్లు చెప్పాలి’ అని కసురుకునే ముందు పెద్దవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

‘అని’ గురించి ఇంకొక్క మాట. తిను నుంచి తిని, విను నుంచి విని వచ్చినట్టే అను నుంచి అని వచ్చింది. తమిళంలో ఎన్ఱు, కన్నడంలో ఎందు, మలయాళంలో ఎన్ను, ఇవన్నీ ఇలాగే ‘అను’ అనే అర్థమున్న క్రియ నుంచి పుట్టినవే. తాటాకు ప్రతుల్లో కొటేషన్ గుర్తుల్లేవు. ఒకరి మాట ఎక్కడ ముగిసిందో చెప్పే బాధ్యత ఈ రెండక్షరాలదే. పురాణ పద్యాల మధ్య ‘అనిన విని’, ‘అని పలికి’ అని అడుగడుగునా వచ్చేది అందుకే.

అనువాదకురాలు:
మాస్టారు చెప్పినదానికి ఒక ఉదాహరణ. రవి, కిరణ్ ఇద్దరూ పరీక్ష రాశారు.

రవి తను పాసయ్యానని కిరణ్‌తో చెప్పాడు.
రవి అతను పాసయ్యాడని కిరణ్‌తో చెప్పాడు.

మొదటిదాంట్లో పాసైంది రవి, సందేహం లేదు. రెండోదాంట్లో రవి కాదు, కిరణో ఇంకొకరో. ఇప్పుడు ఇంగ్లీషు: “రవి టోల్డ్ కిరణ్ దట్ హీ హాడ్ పాస్డ్.” ఎవరు పాసయ్యారు? చెప్పలేం. మనం ‘-ఆను’, ‘-ఆడు’తో తేల్చేసిన సంగతిని ఇంగ్లీషు ‘హీ’ మీద వదిలేస్తుంది. కాబట్టి ఆ చోట పేరు మళ్లీ రాసేయాలి: “దట్ కిరణ్ హాడ్ పాస్డ్.” పాఠకుడికి తికమక తప్పుతుంది.

ఇకపోతే నేను పిల్లలకి మొదట చెప్పేది వేరే. తెలుగులో ‘అని’ కనబడగానే చెయ్యి దానంతటదే ‘దట్’ రాసేస్తుంది. అసలు చూడాల్సింది ‘అని’కి ముందున్న మాట. ‘వస్తానని’ అంటే దట్. ‘రమ్మని’ అంటే, చివర ఆ ‘మని’ ఉంటే, టు. ‘రావద్దని’ అంటే నాట్ టు. ‘వస్తావా అని’ అంటే ఇఫ్ లేదా వెదర్. ‘ఎప్పుడొస్తావని’ అంటే ఏమీ అక్కర్లేదు, ఆ ‘వెన్’ ఒక్కటే చాలు. “హీ టోల్డ్ మీ టు కమ్”, “హీ టోల్డ్ మీ నాట్ టు కమ్”, “హీ ఆస్క్డ్ మీ ఇఫ్ ఐ వుడ్ కమ్”, “హీ ఆస్క్డ్ మీ వెన్ ఐ వుడ్ కమ్.” ‘ఆస్క్డ్ మీ దట్ వెన్’ అని రాసేవాళ్లు ఎక్కువ. అక్కడ ‘దట్’ని పిలిచింది మన ‘అని’యే.

ఉత్తరాల్లోనూ ఇదే తంతు. ‘సెలవు ఇవ్వాలని కోరుతున్నాను’ని మక్కీకి మక్కీ దింపితే “ఐ రిక్వెస్ట్ యూ దట్ ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్” అవుతుంది. ‘ఇవ్వాలని’లో ఉన్నది కోరిక, దానికి టు: “ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మీ లీవ్.” ‘నువ్వు రావాలని ఉంది’ అన్నా అంతే, “ఐ వాంట్ యూ టు కమ్.” వాంట్ తర్వాత దట్ రాదు.

మేనమామ:
ఇది బాగుందండీ. ప్రశ్నల దగ్గర మాత్రం ఇంకో తగాదా ఉంది. “హీ ఆస్క్డ్ మీ వేర్ వాజ్ ఐ గోయింగ్” అని రాస్తుంది. ‘ఐ వాజ్’ అని తిప్పాలని చెప్తే, ప్రశ్నలో సహాయక క్రియ ముందు రావాలని మీరేగా చెప్పారు అంటుంది.

అనువాదకురాలు:
దానికి మన భాషలోనే ఒక తాళంచెవి ఉంది. ‘ఓ’.

వాడు ఎక్కడున్నాడు? ఇది ప్రశ్న. వాడు ఎక్కడున్నాడో తెలీదు. ఇది ప్రశ్న కాదు, ప్రశ్నని కడుపులో పెట్టుకున్న మామూలు వాక్యం. ఆ ‘ఓ’ చేరగానే ప్రశ్న కాస్తా కబురైపోయింది. ఇంగ్లీషులో ‘ఓ’ లేదు కాబట్టి ఆ పనిని మాటల వరస చేస్తుంది. “వేర్ ఈజ్ హీ?” అన్నది ప్రశ్న. “ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్” అన్నది కబురు. తెలుగులో ‘ఓ’ పెట్టి చెప్పగలిగితే ఇంగ్లీషులో కర్త ముందు, క్రియ తర్వాత. “ఎక్కడికి వెళ్తున్నావు?” అని అడిగాడు అన్నదాన్ని ‘ఎక్కడికి వెళ్తున్నానో అడిగాడు’ అని మార్చుకోమనండి. ‘ఓ’ వచ్చింది, కాబట్టి “వేర్ ఐ వాజ్ గోయింగ్”. ప్రశ్నార్థకం కూడా పోయి ఫుల్‌స్టాప్ వస్తుంది. అవును, కాదు అనే ప్రశ్నలకీ ఇదే. ‘వస్తానో లేదో అడిగాడు’లోని ఆ ‘ఓ, లేదో’ జంటే ‘వెదర్’.

ఇంగ్లీషు టీచర్:
ఆలస్యంగా వచ్చాను, ‘ఓ’ సంగతి రేపటి నుంచి నా క్లాసులో వాడుకుంటాను. పేపర్లు దిద్దే మనిషిగా నాలుగు ముక్కలు.

కాలం మార్చడం చాలామంది అనుకున్నంత కష్టం కాదు. క్రియ ఒక మెట్టు వెనక్కి వెళ్తుంది: ఈజ్ వాజ్ అవుతుంది, హావ్ హాడ్ అవుతుంది, విల్ వుడ్, కెన్ కుడ్. మామూలు పాస్ట్ ‘హాడ్’ పట్టుకుంటుంది, ‘వెంట్’ కాస్తా ‘హాడ్ గాన్’. అప్పటికే చివరి మెట్టు మీద ఉన్నవి, అంటే హాడ్ గాన్, వుడ్, కుడ్, షుడ్, మైట్ లాంటివి అక్కడే ఉంటాయి. మార్కులు పోయేది ఎక్కువగా వీటిని కూడా మార్చబోయి. రెండోది, ముందున్న క్రియ ‘సేస్’ అయినా ‘విల్ సే’ అయినా కాలం జోలికి వెళ్లకూడదు. ‘సెడ్’ అయితేనే మెట్టు దిగాలి. పిల్లలు ఆ ఒక్క మాట చూడకుండానే మార్చడం మొదలుపెడతారు. మూడోది, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది లాంటి ఎప్పటికీ నిజమైన మాటల్ని వర్తమానంలోనే వదిలేయవచ్చు. గ్రామర్ పుస్తకాలు అదే అడుగుతాయి.

రోజుల మాటలు తెలుగులోనూ ఉన్నాయి, మాట్లాడేటప్పుడు వాడం అంతే. రేపు, మర్నాడు. నిన్న, ముందురోజు. ఇప్పుడు, అప్పుడు. ఇక్కడ, అక్కడ. కథ చదివిన పిల్లలకి ‘మర్నాడు వస్తానని చెప్పి వెళ్లాడు’ అన్న వాక్యం కొత్తేమీ కాదు. ఆ ‘మర్నాడు’ ‘ది నెక్స్ట్ డే’, ‘ముందురోజు’ ‘ది డే బిఫోర్’. ‘ఎగో’ ‘బిఫోర్’ అవుతుందని మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి.

సెడ్, టోల్డ్. “సెడ్ మీ” లేదు, “టోల్డ్ టు మీ” లేదు. మనిషి పేరు వస్తే టోల్డ్, రాకపోతే సెడ్ అనుకుంటే పరీక్షలో దెబ్బతినరు.

పనిలో పని, కథ రాసే ప్రశ్నలో డైరెక్ట్ స్పీచ్‌నే ఉంచేవాళ్లకి. తెలుగులో కొటేషన్ మూసి ‘అని అన్నాడు’ అంటాం, మధ్యలో కామా ఉన్నా లేకపోయినా ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లీషులో “ఐ యామ్ టైర్డ్,” హీ సెడ్. ఆ కామా కొటేషన్ లోపల ఉండాలి. లోపల ప్రశ్నార్థకం ఉంటే కామా అక్కర్లేదు, కానీ తర్వాత వచ్చే ‘హీ’ చిన్న అక్షరంతోనే మొదలవ్వాలి. మాట్లాడే మనిషి మారినప్పుడల్లా కొత్త పేరా.

పాత విద్యార్థి:
ఒక అభ్యంతరం. ఇంగ్లీషులోనే ఆలోచించాలి, తెలుగులోంచి దింపకూడదు అని మాకు చెప్పారు. మీరంతా తిరిగి తెలుగుకే తీసుకొస్తున్నారు. పరీక్ష హాల్లో ఒక్కో వాక్యానికీ ‘ఓ’లూ ‘మని’లూ వెతుక్కుంటూ కూర్చుంటే పేపరు పూర్తవుతుందా?

ఇంగ్లీషు టీచర్:
హాల్లో వెతకమని ఎవరన్నారు? ఇది ఇంట్లో చేసే పని. తెలుగు మాట్లాడే పిల్ల బుర్రలో తెలుగు ఎలాగూ పనిచేస్తూనే ఉంటుంది, ‘దట్ వెన్’ రాయించింది అదే. ఎక్కడ అడ్డుపడుతోందో, ఎక్కడ సాయపడుతోందో ఒకసారి కళ్లతో చూస్తే ఆ తర్వాత చెయ్యి దానంతటదే రాస్తుంది. తెలుగు లేనట్టు నటించమంటే తప్పులు తగ్గవు, ఎందుకు తప్పో తెలియకుండా పోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. ‘అని’ అన్నిచోట్లా ఒకరి మాట కాదు. ‘పరీక్ష ఉందని చదువుతున్నాను’లో అది కారణం, ‘బికాజ్’. ‘టపటపమని వాన’లో చప్పుడు.

మేనమామ:
‘మని’, ‘ఓ’ రెండూ చెప్పాను. పది వాక్యాలు ఇస్తే ‘ఆస్క్డ్ దట్’ ఒక్కటీ రాలేదు. ఇప్పుడు తనే నాకు ఎదురు పరీక్ష పెట్టింది: ‘రావద్దని చెప్పమన్నానని చెప్పు.’ దీన్ని ఇంగ్లీషు చేయమంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

అనువాదకురాలు:
చివర్నుంచి, మేనమామ గారూ. ఇంగ్లీషు మనకి అద్దంలో ఉంటుంది. ‘చెప్పు’ అన్నది అసలు ఆజ్ఞ, టెల్ హిమ్. దాని ముందు ‘అన్నానని’, దట్ ఐ ఆస్క్డ్ యూ. దాని ముందు ‘చెప్పమని’, ‘మని’ ఉంది కాబట్టి టు టెల్ హిమ్. అన్నిటికంటే లోపల ‘రావద్దని’, నాట్ టు కమ్. “టెల్ హిమ్ దట్ ఐ ఆస్క్డ్ యూ టు టెల్ హిమ్ నాట్ టు కమ్.” మన మూడు మాటలకి వాళ్లకి పన్నెండు పట్టాయి. ఈసారి మీరు తనకి ‘ఎప్పుడొస్తాడో కనుక్కోమన్నాడని చెప్పాను’ ఇవ్వండి. ‘ఓ’, ‘మని’, ‘అని’ మూడూ ఉన్నాయి.